అడగండి, చెబుతాం: మమ్మీని చూసొచ్చాక

ప్రశ్న: ఏవండీ, సెలవులకి పిల్లల్ని హైదరాబాద్ తీసుకెళ్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని చూపించాం. ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు "శవాన్ని చూసొచ్చారా, ముందు తలస్నానాలు చేయండి" అని ఒకటే గోల. మా దగ్గర వానాకాలం వస్తే చెప్పులకే బూజు పడుతుంది, అది అన్నేళ్లు ఎలా ఆగిందండీ? అసలలా పెట్టి చూపించడం న్యాయమేనా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: స్నానం సంగతి అత్తగారికే వదిలేద్దాం, ఎండన పడి తిరిగొచ్చారు కాబట్టి చేస్తే పోయేదేం లేదు.

కుళ్లబెట్టే క్రిములకి తడి కావాలి. తడి లాగేస్తే వాటి ఆట కట్టు. అంతర్వేది వైపు ఉప్పు చేప ఎందుకు నిలవుంటుందో మీకు తెలుసుగా, ఇక్కడా సూత్రం అదే. ఈజిప్టువాళ్లు శవంలోంచి పేగులూ కాలేయం తీసేసి, మెదడుని ముక్కులోంచి లాగేసి, గుండెని మాత్రం లోపలే వదిలి (తెలివంతా అక్కడే ఉంటుందని వాళ్ల నమ్మకం), ఒంటిని నేట్రాన్ అనే సోడా ఉప్పుతో దాదాపు 40 రోజులు కప్పెట్టేవాళ్లు. ఆ తర్వాత నూనెలు, జిగురు, నారగుడ్డ చుట్లు, మొత్తం 70 రోజుల పని. మిగతాది ఎడారి గాలి చూసుకుంది. హైదరాబాద్‌లో ఆ గాలి లేదు కాబట్టే మీరు చూసిన మమ్మీని నైట్రోజన్ నింపిన పెట్టెలో ఉంచారు. అన్నట్టు, ఈ పనిలో ఈజిప్టువాళ్లు మొదటివాళ్లు కాదు. చిలీ తీరంలో చించోర్రో అనే జాలరి జనం అంతకు 2,000 ఏళ్ల ముందే, పసిపిల్లలతో సహా, మమ్మీలు చేశారు.

ఇక న్యాయమా అంటారా, పోయినవాళ్లు ఒప్పుకున్నారా లేదా అన్నదే నేను చూస్తాను. 1832లో పోయిన ఇంగ్లండ్ తత్వవేత్త జెరెమీ బెంథామ్ తన ఎముకలకి బట్టలు తొడిగి కూర్చోబెట్టమని తానే వీలునామా రాశాడు. తల ఎండబెట్టడం చెడి వికారంగా తయారైతే మైనం తల పెట్టారు, లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఇప్పటికీ ఉన్నాడు. ఆయన సరదా ఆయనది. చార్లెస్ బర్న్ అలా కాదు. ఆ ఐర్లండ్ భారీకాయుడు, డాక్టర్లు కోస్తారన్న భయంతో తనని సముద్రంలో ముంచెయ్యమని వేడుకున్నాడు. 1783లో పోగానే జాన్ హంటర్ అనే సర్జన్ డబ్బు పారేసి శవాన్ని తెప్పించుకుని ఎముకల గూడు చేయించాడు. 2023లో గానీ దాన్ని జనం కళ్ల ముందు నుంచి తియ్యలేదు. సారా బార్ట్‌మన్ కథ ఇంకా ఘోరం. బతికుండగా యూరప్‌లో వింతగా చూపించారు, 1815లో పోయాక పారిస్‌లో 1970ల దాకా ఆమె అస్థిపంజరాన్నీ చూపించారు, సొంత దక్షిణాఫ్రికా మట్టిలో కలిసింది 2002లో! మీరు చూసిన మమ్మీ కూడా ఒకప్పటి అమ్మాయే, ఆమెని ఎవరూ అడగలేదు, అందుకే నాకూ అది కొరుకుడు పడదు.

ప్రశ్న: నేను దేహదానం చేద్దామనుకుంటున్నాను. మెడికల్ కాలేజీలో ఇలాగే అద్దాల్లో పెడతారేమోనని మా ఆవిడకి టెన్షన్. గోదాట్లో కలపడానికి అస్థికలైనా ఇస్తారా అంటోంది.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: అద్దాల్లో పెట్టడానికి కాదండీ, ఫార్మలిన్ ఎక్కించి అనాటమీ విద్యార్థులకి పాఠానికి వాడతారు. అస్థికల మాట కాలేజీవాళ్లని ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. మీరు సంతకం పెట్టినా రేపు దేహాన్ని అప్పగించాల్సింది ఇంట్లోవాళ్లే, కాబట్టి ముందు మీ ఆవిడని ఒప్పించండి.