కారు తీసుకోవాలా వద్దా అని అడిగిన తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు. నీ ఉత్తరం అందింది, రెండుసార్లు చదివాను. సంఘం ఎదుగుతోందని, ఆదివారం కూర్చోవడానికి చోటు చాలడం లేదని రాశావు. దేవునికి స్తోత్రం. చివర్లో మాత్రం ఒక మాట రాశావు. సంఘ పెద్దలు నీకు కొత్త కారు కొనిస్తామంటున్నారని, తీసుకోవాలా వద్దా తేలక నిద్ర పట్టడం లేదని. నీ ఉత్తరమంతట్లో నాకు ఆ మాటే ముఖ్యమనిపించింది. నిద్ర పట్టనందుకు దిగులు పడకు. అలాంటి విషయానికి హాయిగా నిద్రపోయే కాపరి గురించే నేను ఎక్కువ భయపడతాను.

కారు సంగతికి తర్వాత వస్తాను. ముందు ఒక కుర్చీ సంగతి చెప్పాలి.

నేను సేవ మొదలుపెట్టిన తొలి రోజుల్లో మేమందరం ఒకే రకం చెక్క బల్లల మీద కూర్చునేవాళ్ళం. నాకు నడుం నొప్పి వస్తోందని తెలిసి ఒక విశ్వాసి మెత్తని కుర్చీ ఒకటి తెచ్చి వేదిక పక్కన వేశాడు. మొదటి ఆదివారం అందులో కూర్చోవడానికి సిగ్గేసింది. రెండో వారం పర్వాలేదనిపించింది. నెల తిరిగేసరికి లోపల అడుగు పెడుతూనే నా కళ్ళు దానికోసం వెతికేవి. ఒక ఆదివారం నేను వచ్చేసరికి మోకాళ్ళ నొప్పులతో బాధపడే ఒక పెద్దాయన అందులో కూర్చుని ఉన్నాడు. ఎవరో పాపం జాలిపడి కూర్చోబెట్టారు. నేను నవ్వుతూనే వందనం చెప్పాను, లోపల మాత్రం చిరాకు రగిలింది. ఆ రోజు నేను బోధించాల్సింది యోహాను సువార్త 13వ అధ్యాయం, ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన సందర్భం. నోరు ఆ వాక్యమే చదువుతోంది, కళ్ళు మాటిమాటికీ ఆ కుర్చీ వైపే పోతున్నాయి. ఇంటికెళ్ళాక అన్నం ముద్ద దిగలేదు.

నడుం నొప్పి నిజమే. తెచ్చినవాడు ప్రేమతోనే తెచ్చాడు. ఆ కుర్చీలో కూర్చోవడం పాపమూ కాదు. కానీ ‘ఇచ్చారు’ అనుకున్నది ఎప్పుడో ‘నాది’ అయిపోయింది. ‘నాది’ కాస్తా ‘నాకు రావలసిందే’ అయిపోయింది. ఆ మలుపు ఎక్కడ తిరిగానో నాకే తెలియలేదు. నీకు చెప్పాలనుకున్నది ఇదే తమ్ముడూ. సేవకుడు సుఖానికి అలవాటు పడేది చెడ్డ కోరికతో కాదు, ‘ఇంత కష్టపడుతున్నాను, నాకు ఈమాత్రం చెల్లదా’ అన్న మాటతో.

యాజకుడైన ఏలీ కొడుకులు, తామూ యాజకులే అయిన హొఫ్నీ, ఫీనెహాసుల గురించి మనం చాలాసార్లు బోధిస్తాం. వాళ్ళు ఏం తీసుకున్నారన్న దగ్గర మాత్రం ఆగి చూడం. బలి పశువులో యాజకుడి వాటా ధర్మశాస్త్రమే ఇచ్చింది. లేవీయకాండం 7వ అధ్యాయంలో బోర, కుడి జబ్బ యాజకుడివని స్పష్టంగా ఉంది. అంటే వాళ్ళు ఆకలితో ఉన్నవాళ్ళు కారు, దేవుడే ముందుగా వాళ్ళ కంచం నింపాడు. అయినా వాళ్ళ పనివాడు మూడు ముండ్ల కొంకి పట్టుకొచ్చి, ఉడుకుతున్న కుండలో గుచ్చి, కొంకికి ఎంత వస్తే అంత పట్టుకుపోయేవాడు. తర్వాత అదీ చాలలేదు. కొవ్వు దహించకముందే వచ్చి పచ్చి మాంసమే కావాలన్నారు, ఇవ్వకపోతే బలవంతంగా తీసుకుంటామన్నారు. హక్కు, హక్కు మీద కాస్త ఎక్కువ, ఆ తర్వాత దౌర్జన్యం. ఆ కొంకి ఒక్కరోజులో పుట్టలేదని నా నమ్మకం.

దానివల్ల జరిగిన నష్టం 1 సమూయేలు 2:17లో ఉంది. జనానికి యెహోవా నైవేద్యమంటేనే చులకన అయిపోయింది. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. తిన్నది యాజకులు, గౌరవం పోయింది దేవుని బలిపీఠానికి. ఇంకో సంగతి గమనించు. ఏలీ స్వయంగా కొంకి పట్టలేదు, కొడుకుల్ని నోటితో మందలించాడు కూడా. కానీ దేవుని మనుష్యుడు వచ్చి మాట్లాడినప్పుడు, శ్రేష్ఠమైన భాగాలతో మిమ్మల్ని మీరు కొవ్వబెట్టుకుంటున్నారు అని ఏలీని కూడా కలిపే అన్నాడు. తప్పు అని చెప్పిన నోటితోనే ఆ ఇంటి భోజనం కూడా సాగిపోయింది. 40 సంవత్సరాలు ఇశ్రాయేలుకు న్యాయం తీర్చిన మనిషి ఆఖరుకు పీఠం మీదనుంచి వెనక్కి పడి మెడ విరిగి చనిపోయాడు. అతను స్థూలకాయుడని కూడా వాక్యం దాచకుండా చెప్పింది.

దావీదు సంగతి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక్కటి మాత్రం పక్కపక్కన పెట్టి చదువు. అదుల్లాము గుహలో ఉన్నప్పుడు బేత్లెహేము బావి నీళ్ళు తాగాలని అతనికి ఆశ పుట్టింది. ముగ్గురు వీరులు ఫిలిష్తీయుల దండులోంచి దూసుకెళ్ళి ఆ నీళ్ళు తెచ్చారు. దావీదు తాగలేదు. ప్రాణాలకు తెగించినవాళ్ళ రక్తం నేను తాగుతానా అని యెహోవా సన్నిధిలో పారబోశాడు. 2 సమూయేలు 23వ అధ్యాయం అది. అదే అధ్యాయం చివరి వరకూ వెళ్ళు, దావీదు వీరుల పట్టిక ఉంటుంది. మొత్తం 37 మంది. ఆఖరి పేరు హిత్తీయుడైన ఊరియా. తర్వాత దావీదు ఇతని భార్యనే తీసుకున్నాడు, ఇతన్నే యుద్ధంలో చంపించాడు.

దాహంతో ఉన్నప్పుడు తన మనుషుల రక్తాన్ని గుర్తుపట్టిన కళ్ళు, మేడ మీద చల్లగా తిరిగేటప్పుడు గుర్తుపట్టలేకపోయాయి. రాజులు యుద్ధానికి బయలుదేరే కాలంలో అతను యెరూషలేములో ఉండిపోయాడు. అప్పటికి చాలామంది శత్రువులు లోబడ్డారు, ఇల్లు కట్టుకున్నాడు, అడిగేవాడు లేడు. నిన్ను భయపెట్టాలని రాయడం లేదు. సంఘం చిన్నగా ఉన్నప్పుడు నువ్వు ఉపవాసాలతో, సైకిలు మీద తిరిగి నిలబడ్డావు. నీకు అసలు పరీక్ష ఆ రోజుల్లో కాదు, ఇప్పుడు మొదలవుతోంది.

నాయకుడి సుఖానికి ఖరీదు ఎప్పుడూ వేరేవాళ్ళే కడతారు. సొలొమోను మందిరం కట్టడానికి 7 సంవత్సరాలు పట్టింది, తన ఇల్లు కట్టుకోవడానికి 13. అతను పోగానే జనం వచ్చి కొడుకును అడిగింది ఒక్కటే, నీ తండ్రి మా మీద పెట్టిన కాడి బరువు తగ్గించమని. కొడుకు తగ్గించనన్నాడు, రాజ్యం రెండు ముక్కలైంది.

అంత దూరం ఎందుకు, నా సంగతే చెబుతాను. ఇది నేను చాలామందికి చెప్పలేదు. ఇళ్ళల్లో ప్రార్థన అయ్యాక కొందరు చేతిలో కవరు పెడతారు కదా. ఏ ఇంట్లో కవరు ఎంత మందంగా ఉంటుందో నాకు తెలియకుండానే నా మనసు లెక్క పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం రెండు ఇళ్ళ నుంచి ఒకేసారి కబురొచ్చింది. ఒక ఇంట్లో కొత్త వ్యాపారానికి ప్రార్థన. ఇంకో ఇంట్లో ఒక విధవరాలి కొడుక్కి జ్వరం. నేను ముందు వ్యాపారం ఇంటికే వెళ్ళాను. దారి దగ్గర అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. రెండో ఇంటికి చేరేసరికి బాగా పొద్దుపోయింది. వీధంతా తలుపులు వేసుకున్నారు, ఆమె తలుపు ఒక్కటే తీసి ఉంది, లోపల దీపం వెలుగుతోంది. పిల్లాడి తల ఒళ్ళో పెట్టుకుని తలుపు వైపే చూస్తూ కూర్చుంది. నన్ను చూసి లేచి గ్లాసుతో నీళ్ళిచ్చి, “మీకు ఎన్ని పనులో కదా అయ్యగారూ” అంది. ఒక్క నిష్ఠూరపు మాట అన్నా తట్టుకునేవాణ్ణి. పిల్లాడికి తగ్గింది, దేవునికి స్తోత్రం. నాకు మాత్రం ఆ తెరిచిన తలుపు ఇప్పటికీ కళ్ళముందు కనిపిస్తుంది. ఆ వారం నుంచి కవర్లు నా చేతికి ఇవ్వొద్దని, సంఘం పెట్టెలోనే వెయ్యమని అందరికీ చెప్పాను. మా ఇంట్లో కొన్నాళ్ళు ఇబ్బంది అయ్యింది, నిజమే. నీ వదిన ఒక్కరోజు కూడా ఎందుకని అడగలేదు.

అలాగని సుఖమంతా పాపమని నేను అనడం లేదు, నువ్వూ అలా బోధించకు. ప్రభువు పెళ్ళిళ్ళకు వెళ్ళాడు, పిలిచినవాళ్ళ ఇళ్ళల్లో భోంచేశాడు. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని బదరీ చెట్టు కింద పడుకుంటే దేవదూత మందలించలేదు, రొట్టె పెట్టి నీళ్ళిచ్చి మళ్ళీ పడుకోనిచ్చాడు. ఆ బలంతో అతను 40 రోజులు నడిచాడు. విశ్రాంతి తీసుకున్నవాడు లేచి మళ్ళీ పనిలోకి వెళ్తాడు. సుఖానికి మరిగినవాడు లేవడానికి విసుక్కుంటాడు. ఇంకో గుర్తు ఉంది, నాకు ఎప్పుడూ తప్పలేదు. సమ్సోను సింహపు కళేబరంలోంచి తేనె తీసుకుని తిన్నాడు, అమ్మానాన్నలకూ పెట్టాడు, ఎక్కడిదో మాత్రం చెప్పలేదు. ఎక్కడినుంచి వచ్చిందో నీ భార్యకో, సంఘ పెద్దలకో చెప్పలేని తియ్యదనం ఏదైనా సరే దగ్గరికి రానివ్వకు. రాత్రి పూట ఫోన్‌లో చూసేది కూడా ఇందులోకే వస్తుంది. నీ ప్రసంగానికి ఎంతమంది మెచ్చుకున్నారో పదేపదే తెరిచి చూసుకోవడం కూడా.

నెహెమ్యా నాకు బాగా నచ్చే నాయకుడు. 12 సంవత్సరాలు యూదాలో అధిపతిగా ఉన్నాడు. అధిపతికి రావలసిన భోజనపు సొమ్ము ఒక్కసారి కూడా తీసుకోలేదు. అతనికి ముందున్నవాళ్ళు ఆహారం, ద్రాక్షారసం కాక 40 తులాల వెండి కూడా లాగేవాళ్ళు. వాళ్ళ పనివాళ్ళు సైతం జనం మీద పెత్తనం చేసేవాళ్ళు. అతనేమీ ఎండు రొట్టె తిని బతకలేదు. రోజుకు ఒక ఎద్దు, ఆరు మంచి గొర్రెలు, కోళ్ళు వండేవాళ్ళు. కానీ ఆ బల్ల దగ్గర 150 మంది కూర్చునేవాళ్ళు. ఎందుకు తీసుకోలేదో రెండు కారణాలు చెప్పాడు. దేవుని భయం ఒకటి, జనం మీద అప్పటికే బరువు ఎక్కువగా ఉండడం రెండోది. నీ కారు విషయంలో నేను ఈ రెండో కారణం దగ్గరే ఆగాను.

ఇక నువ్వు చెయ్యాల్సినవి. కానుకలు నువ్వు ముట్టుకోవద్దు, ఎప్పుడూ ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి. యెరూషలేముకు చందా పంపేటప్పుడు పౌలు కూడా తనతోపాటు వేరేవాళ్ళను పెట్టుకున్నాడు, ఎవరూ తప్పు పట్టకూడదని. 1948లో అమెరికాలోని మోడెస్టో అనే ఊళ్ళో సువార్తికుడు బిల్లీ గ్రాహం, ఆయనతో పనిచేసే ముగ్గురు కలిసి సువార్తికులు ఎక్కడ పడిపోతున్నారో కూర్చుని ఆలోచించుకున్నారు. నాలుగు విషయాలు తేలాయి. డబ్బు, వ్యభిచారం, స్థానిక సంఘాల్ని కించపరచడం, వచ్చిన జనం లెక్క పెంచి చెప్పుకోవడం. తమకు పేరు బాగా రాకముందే ఆ నాలుగింటి మీదా కట్టుబాటు పెట్టుకున్నారు. నువ్వు కూడా ఇప్పుడే పెట్టుకో, ఇంకో ఐదేళ్ళకు నీకు కట్టుబాటు పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

జీతం పెరిగినప్పుడల్లా ఖర్చు పెంచకు. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన బోధకుడు జాన్ వెస్లీ ఒక ప్రసంగంలో ఆక్స్‌ఫర్డ్ యువకుడొకరి సంగతి చెప్పాడు, అది ఆయన సంగతేనని చాలామంది అంటారు. ఏడాదికి 30 పౌన్లు వస్తే 28తో బతికి 2 ఇచ్చేశాడు. మరుసటి ఏడు 60 వచ్చాయి, మళ్ళీ 28తోనే బతికి 32 ఇచ్చాడు. తర్వాత 90 వస్తే 62, ఆ తర్వాత 120 వస్తే 92 ఇచ్చాడు. ఎంత వచ్చినా ఖర్చు 28 దాటలేదు. నీ 28 ఎంతో నువ్వూ మరదలూ కూర్చుని తేల్చుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, నిన్ను కాదనగలిగే మనిషి ఒకడు నీకుండాలి. నీ జీతంతో, నీ మెప్పుతో పని లేనివాడై ఉండాలి. దావీదుకు తప్పును ముఖం మీదే చెప్పే నాతాను ప్రవక్త ఉండబట్టి కనీసం తిరిగి రాగలిగాడు.

ఇప్పుడు కారు. ముందు ఒకటి నిజం చెప్పు. పెద్దలు ఆ మాట అన్నప్పటి నుంచి ఏ కారు, ఏ రంగు అని ఫోన్‌లో ఎన్నిసార్లు చూసుకున్నావు? జవాబు నాకు రాయక్కర్లేదు, ప్రార్థనలో చెప్పు. తర్వాత పెద్దల్ని కూర్చోబెట్టి అడుగు. ఈ డబ్బు ఎవరి దగ్గర్నుంచి వస్తోంది, కాదనలేక ఇస్తున్నవాళ్ళు ఉన్నారా, ఇది కొనడం కోసం ఎవరి అవసరమైనా వెనక్కి పెడుతున్నారా? ఒక్కదానికి అవునన్నా వద్దని చెప్పెయ్, వాళ్ళు నొచ్చుకున్నా సరే. అన్నీ సరిగ్గా ఉంటే తీసుకోవచ్చు. దూరం ఇళ్ళు చాలా ఉన్నాయని నాకు తెలుసు, నీ ఆరోగ్యం సంగతీ తెలుసు. కానీ బండి సంఘం పేరు మీదే ఉండాలి. రెండో తాళం ఒక పెద్ద దగ్గర ఉండాలి. అర్ధరాత్రి ఎవరినైనా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వస్తే నిన్ను అడగకుండానే తీసుకెళ్ళగలగాలి. కొత్తదే కావాలని పట్టుబట్టకు. మంచి పాత బండి దొరికితే అదే చెయ్యమను.

మెట్లు ఎక్కి దిగలేక, అంత దూరం నడవలేక ఆరాధనకు రావడం మానేసిన పెద్దావిడ గురించి పోయినసారి రాశావు. బండి వస్తే మొదటి ఆదివారం నువ్వే వెళ్ళి ఆవిణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టుకుని రా. ఆవిడ ఏమందో నాకు రాయి.

మరదలికి, పిల్లలకు మా వందనాలు చెప్పు.

ఇట్లు,
నీకోసం ప్రార్థిస్తున్న అన్న