కావలిలో బోర్డు పెడుతున్న మేనల్లుడికి

ఒంగోలు నుంచి మామయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నా, నీ మేనల్లుడు రాత్రి రెండింటి దాకా ఆ నల్ల స్క్రీన్ ముందే కూర్చుంటున్నాడు. ఏందో బీబీఎస్ అంట. నీకేమన్నా తెలుసా?" అని అడిగింది. తెలుసమ్మా అన్నాను. బీబీఎస్ అంటే బులెటిన్ బోర్డ్ సిస్టమ్, దూరం నుంచి ఒక కంప్యూటర్‌లోకి వచ్చి ఉత్తరాలు రాసి, చదువుకునే చోటు; మేం దాన్ని బోర్డు అనేవాళ్ళం. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ళ కిందటి మాటలన్నీ గుర్తొచ్చాయి. నెల్లూరులో నీ స్నేహితుడు, ఒంగోలులో నేను, మధ్యలో కావలిలో నువ్వు, మూడు బోర్డులు రోజూ ఉత్తరాలు ఇచ్చిపుచ్చుకోవాలన్నది నీ ఆలోచనట. మంచి ఆలోచన. నాకు తెలిసింది రాస్తున్నాను, ఓపికగా చదువు.

1990ల మధ్యలో ఒంగోలు లాయర్‌పేటలో మేం అద్దెకున్న ఇంట్లో నేనూ ఒక బోర్డు నడిపాను. ఒకే ఫోన్ లైను. పగలు అది ఇంటి ఫోను, రాత్రి పదకొండు నుంచి తెల్లవారి ఐదు వరకు బోర్డు. ఫోన్ లైను మీద కంప్యూటర్లను కలిపే పెట్టె, మోడెం, సెకనుకు 2400 బిట్ల స్పీడుది, అంటే సెకనుకు 240 అక్షరాలు. ఒక నిండు స్క్రీన్ పైనుంచి కిందికి రావడానికి ఎనిమిది సెకన్లు పట్టేది. ఒకరు లైనులో ఉంటే రెండోవాళ్ళకు ఎంగేజ్ టోన్. 1978 ఫిబ్రవరిలో షికాగోలో వార్డ్ క్రిస్టెన్‌సెన్, రాండీ స్యూస్ మొదలుపెట్టిన మొట్టమొదటి బోర్డుకీ ఒకటే లైను. ముందటి నెల మంచు తుఫానులో ఇంటి నుంచి కదలలేక మొదలుపెట్టిన పని అది. ఊళ్ళో గోడకు తగిలించిన నోటీసు బోర్డు లాంటిది కంప్యూటర్‌లో ఉంటే బాగుండునని వాళ్ళకు అనిపించింది. ఒకరు రాసి పోతారు, ఇంకొకరు వచ్చి చదువుతారు, ఇద్దరూ ఒకే సమయంలో ఉండక్కర్లేదు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. చీరాల నుంచి ఒక కుర్రాడు మా బోర్డుకు కాల్ చేసేవాడు. అది ఎస్టీడీ, అంటే ఎక్కువ ధర పడే వేరే ఊరి కాల్. రాత్రి పదకొండు దాటితే పావు రేటు పడుతుందని అప్పటిదాకా మేలుకుని ఉండేవాడు. ఒకరోజు సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో తను రాసుకున్న ప్రోగ్రామ్ ఎందుకు ఆగిపోతుందో అడుగుతూ పెద్ద ఉత్తరం పెట్టాడు. ఆ వారం నాకు ఆఫీసులో పని ఎక్కువ. ఎవరో ఒకరు చెబుతారులే అనుకున్నాను. అందరూ అలాగే అనుకున్నారు. ఎవరు ఎప్పుడు వచ్చారో బోర్డు రాసుకునే చిట్టా, లాగ్, చూస్తే వరసగా మూడు రాత్రులు అతను కాల్ చేసి, తన ఉత్తరం కింద ఏమీ లేదని చూసి, రెండు నిమిషాల్లో పెట్టేసినట్టు ఉంది. నాలుగో రాత్రి రాలేదు. తర్వాత ఎప్పుడూ రాలేదు. మోడెం పాడైతే వారం తిరిగేసరికి బాగు చేయించాను. ఈ తప్పును మాత్రం బాగు చేసుకోలేకపోయాను. ఆ కుర్రాడి డబ్బు, నిద్ర, ఆశ మూడూ నా చేతిలో వృథా అయ్యాయి.

అందుకని, మెషీన్ కొనే ముందు ఒక కాగితం మీద పది మంది పేర్లు రాసుకో. నీ బోర్డు ఎందుకు కావాలో తాము చెప్పగలిగిన వాళ్ళ పేర్లే రాయి. నువ్వు బలవంతం చేస్తే వచ్చేవాళ్ళను లెక్కలో వేయకు. ఎవరు ఏం రాసినా ఇరవై నాలుగు గంటల్లోపు ఒక్క ముక్కైనా జవాబు ఉండాలి. నీకు తెలియకపోతే "నాకు తెలియదు, ఫలానావాళ్ళను అడుగుతాను" అని రాయి. అదీ జవాబే. సిస్టమ్ నడిపేవాడి పనిలో ముప్పాతిక భాగం ఇదే.

విభాగాలు కూడా తక్కువ పెట్టు. మొదట్లో నేను పద్దెనిమిది పెట్టాను. సినిమాలు, క్రికెట్, కవిత్వం, ఎలక్ట్రానిక్స్, ఇంకా ఏవేవో. వాటిలో పదిహేను ఖాళీగా ఉండేవి. కొత్తగా వచ్చినవాడు వరసగా ఖాళీ గదులు చూస్తే ఇల్లు పాడుబడిందనుకుంటాడు. మూడు చాలు: అందరి కబుర్లు, ప్రశ్నలు, బోర్డుకు సంబంధించిన నోటీసులు. ఒకదానిలో రద్దీ పెరిగి జనం విసుక్కుంటున్నప్పుడే దాన్ని రెండుగా విడగొట్టు.

ఇక మూడు బోర్డులను కలిపే పని. నెల్లూరుకీ ఒంగోలుకీ నట్టనడుమ కావలి ఉంది కాబట్టి ఉత్తరాలు పంచే మధ్య కేంద్రం, హబ్, నీ దగ్గర ఉండటం సరైనదే. ఆవిరి ఇంజన్ల కాలంలో మీ పక్కన బిట్రగుంటలో పెద్ద లోకో షెడ్ ఉండేది, బండ్లకు అక్కడ ఇంజన్లు మార్చేవారు. నీ హబ్ పనీ అలాంటిదే. అటు నుంచి వచ్చిన మూటను దించి, విప్పి, విడదీసి, ఇటు వెళ్ళాల్సిన దాన్ని కట్టి పంపాలి. 1984లో శాన్‌ఫ్రాన్సిస్కోలో టామ్ జెన్నింగ్స్ మొదలుపెట్టిన, బోర్డులను ఒకదానితో ఒకటి కలిపే ఫిడోనెట్ సూత్రం ఇదే. రాత్రి ఫోన్ ధరలు తక్కువ కాబట్టి బోర్డులు రాత్రిపూట తమంతట తామే ఒకదానికొకటి కాల్ చేసుకుని పగలు పోగైన ఉత్తరాలను మార్చుకునేవి. ఇప్పుడు బోర్డులు ఇంటర్నెట్ మీద కలుస్తాయి కాబట్టి ఫోన్ ఖర్చు లేదు, అరగంటకోసారి మార్చుకున్నా భారం లేదు. పద్ధతి మాత్రం అదే ఉంచు, ఎందుకంటే అందులో ఒక గొప్ప సుగుణం ఉంది. లైను తెగితే ఉత్తరం పోదు, మూటలో కూర్చుని ఎదురుచూస్తుంది. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయినప్పుడు ఆగిన బండ్లు దారి పడ్డాక కదిలాయి కదా, ఇదీ అంతే.

ప్రతి బోర్డుకూ జోన్ (పెద్ద ప్రాంతం), నెట్ (అందులో ఒక గుంపు), నోడ్ (ఒక్కో బోర్డు) అని మూడు సంఖ్యలున్న చిరునామా పెట్టుకోవాలి. 1 నుంచి 6 దాకా జోన్లు ఫిడోనెట్‌వి, వాటిని ముట్టుకోకు. లింకులు మాత్రం చెట్టు కొమ్మల్లా ఉండాలి: నెల్లూరు నీతో, ఒంగోలు నీతో. "మామయ్యా, నెల్లూరూ ఒంగోలూ నేరుగా కూడా కలుపుకుంటే వేగంగా ఉంటుంది కదా" అంటావేమో. వద్దు. మేం ముగ్గురు మిత్రులం అలా ముక్కోణం కట్టాం. సెట్టింగులు కూడా సరిగా లేవు. ఒకే ఉత్తరం మూడు బోర్డుల మధ్య గానుగెద్దులా తిరిగి, తెల్లారేసరికి డిస్క్ నింపేసింది. ఏ బోర్డు ఇప్పటికే చూసిందో ఉత్తరం అడుగున గుర్తు వేసే ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. దాన్ని ఆపేయకు, ఒకే ఉత్తరం రెండోసారి వస్తే ఆపే డూప్లికేట్ చెక్ కూడా ఆన్‌లోనే ఉంచు.

బోర్డు నడిపే సాఫ్ట్‌వేర్ సంగతికి వస్తే సింక్రోనెట్ తీసుకో. ఉచితం, లైనక్స్ మీద నడుస్తుంది, ఉత్తరాల మార్పిడి, వెబ్ సర్వర్ అన్నీ అందులోనే ఉన్నాయి. మిస్టిక్ కూడా మంచిదే. మెషీన్‌కు రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ చాలు. కాకపోతే మెమరీ కార్డు మీద నడపొద్దు, రోజంతా రాతలు పడితే, మధ్యలో కరెంటు పోతే కార్డు చెడిపోతుంది. చిన్న ఎస్ఎస్‌డీ డిస్క్ పెట్టు, ఆ కంప్యూటర్‌కూ రూటర్‌కూ కలిపి ఒక చిన్న యూపీఎస్ పెట్టు. రోజూ రాత్రి బ్యాకప్ ఇంకో చోటికి వెళ్ళాలి. నెలకోసారి ఆ బ్యాకప్ నుంచి బోర్డును వేరే మెషీన్ మీద నిజంగా లేపి చూడు. నేను బ్యాకప్ ఉందనుకున్న ఫ్లాపీలు అవసరమైన రోజున చదవబడలేదు.

నువ్వు ఎక్కువగా చిక్కుకునేది నెట్ కనెక్షన్ దగ్గర. ఇంటి ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి సొంత ఐపీ, అంటే నెట్‌లో సొంత చిరునామా, ఉండదు. ఎన్నో ఇళ్ళు ఒకే ఐపీ వెనక ఉంటాయి, బయటి నుంచి ఎవరూ నీ మెషీన్‌ను పిలవలేరు. రూటర్‌లో కనిపించే ఐపీ, బయటి సైట్లు చూపించే ఐపీ ఒకటేనా అని చూడు. వేరువేరుగా ఉంటే మారకుండా నీకే ఉండే స్టాటిక్ ఐపీకి డబ్బు కట్టు, లేదా నెల అద్దెకు దొరికే చిన్న క్లౌడ్ సర్వర్ మీద హబ్ పెట్టు. నెల్లూరు, ఒంగోలు నోడ్‌లకు ఈ బాధ లేదు, అవి తామే నిన్ను పిలిచి ఇచ్చి తీసుకుంటాయి. బోర్డులు ఉత్తరాలు మార్చుకునే బింక్‌పీ పద్ధతికి వాడే తలుపు, పోర్టు 24554, ఒక్క నీ దగ్గర తెరిచి ఉంటే సరిపోతుంది.

జనం బోర్డులోకి వచ్చే పాత దారి టెల్నెట్. దాని 23వ పోర్టు తెరిచిన గంటలోపే ఎవరెవరో తలుపు తట్టడం లాగ్‌లో కనిపిస్తుంది. టెన్షన్ పడకు. అవి మనుషులు కావు, సులువైన పాస్‌వర్డ్‌ల కోసం వెతికే ప్రోగ్రాములు. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల కెమెరాలనూ రూటర్లనూ అలాగే పట్టుకుంది. టెల్నెట్‌లో పాస్‌వర్డ్ కూడా బట్టబయలుగానే పోతుంది కాబట్టి మనవాళ్ళకు అన్నీ గుప్తంగా పంపే దారి, ఎస్ఎస్‌హెచ్, అలవాటు చెయ్యి. నీ సిస్టమ్ అడ్మిన్ లాగిన్ టెల్నెట్‌లో ఎప్పుడూ వాడకు.

తెలుగు గురించి నాకు పట్టింపు ఉంది. ఆ రోజుల్లో మేం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకున్నాం, గత్యంతరం లేక. పాత బోర్డుల అక్షరమాలలో మొత్తం 256 గుర్తులే, తెలుగుకు చోటు లేదు. ఇప్పుడు అన్ని భాషల అక్షరాలకూ చోటున్న యూనికోడ్ ఉంది, అయినా అక్షరాలు మాత్రమే కనిపించే ఆ నల్ల స్క్రీన్, టెర్మినల్‌లో ఒక్కో అక్షరానికి ఒక్కో గడి లెక్క కాబట్టి ఒత్తులూ గుణింతాలూ గడుల్లో ఇమడక "లక్ష్మి" లాంటి మాట చెల్లాచెదురుగా కనిపిస్తుంది. దీంతో విసిగి మళ్ళీ ఇంగ్లీషు అక్షరాలకు వెళ్ళొద్దు. ఉత్తరాలన్నీ యూనికోడ్‌ను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలోనే దాచు, మూడు నోడ్‌లలోనూ అదే పెట్టు. తెలుగులో చదవడానికి, రాయడానికి వెబ్ పేజీ ఇవ్వు. ఫోన్‌లో అక్షరాలు చక్కగా పడతాయి. టెర్మినల్ ఇష్టపడే నీ స్నేహితులకు మెనూలు ఇంగ్లీషులో ఉన్నా పరవాలేదు. ఒక సంగతి గుర్తుంచుకో, యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి కనీసం మూడు బైట్లు, ఇంగ్లీషు అక్షరానికి ఒక్కటే. బైట్లు లెక్కపెట్టి వరస విరిచే పాత ప్రోగ్రామ్ ఏదైనా దారిలో ఉంటే అక్షరాన్ని మధ్యలో కోసేస్తుంది. ముందే మూడు నోడ్‌ల గుండా ఒక పొడుగాటి తెలుగు ఉత్తరం పంపి చూడు. ఉదయగిరిలో ఉన్న మీ తాతయ్య రాయగలిగితే అప్పుడు నీ బోర్డు పూర్తయినట్టు.

ఇంకొక్కటి. ఒకరికొకరు రాసుకునే సొంత ఉత్తరాలు నీ డిస్క్ మీదే ఉంటాయి, నువ్వు కావాలంటే చదవగలవు. ఆ సంగతి మొదటి పేజీలోనే రాసి పెట్టు. రాసి పెట్టాక చదవకు. గొడవలు వస్తే ఫిడోనెట్ వాళ్ళ పాత నియమం చాలు: ఇతరులను మరీ ఎక్కువగా విసిగించకూడదు, తాము మరీ తేలిగ్గా విసుక్కోకూడదు. ఎవరి మాటైనా తీసేయాల్సి వస్తే ముందు వాళ్ళకు ఫోన్ చేసి మాట్లాడు.

ఈ ఆదివారం నా వైపు నోడ్ సిద్ధం చేస్తాను. నా చిరునామా, లింకు పాస్‌వర్డ్ మీ అమ్మకు ఫోన్‌లో చెబుతాను, వాట్సాప్‌లో పెట్టను. రాత్రి సరిగ్గా పదకొండుకు నా మెషీన్ నీ హబ్‌ను పిలుస్తుంది. అంతలోపు తెలుగులో ఒక ఉత్తరం రాసి ఉంచు. నీ ఉత్తరం చేరిన వెంటనే జవాబు రాసి పంపుతాను, అప్పటిదాకా పడుకోను.

మీ మామయ్య