లెగియా వార్సా కమ్యూనిస్టు సైన్యం స్థాపించిన క్లబ్బేనా?

కాదు, పోలండ్ రాజధానికి చెందిన ఈ ఫుట్‌బాల్ క్లబ్బు 1916లోనే, మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, ఆస్ట్రియా-హంగరీ సైన్యంతో కలిసి పోరాడిన పోలిష్ లెజియన్లు అనే దళాల సైనికుల చేతుల్లో పుట్టింది. అప్పటికి స్వతంత్ర పోలండే లేదు. నేడు ఉక్రెయిన్‌లో ఉన్న వొలీనియా ప్రాంతంలో, యుద్ధరంగానికి దగ్గరలోనే ఆ సైనికులు ఆట మొదలుపెట్టారు. లెగియా అన్న పేరు కూడా ఆ దళాలదే. 1920లో క్లబ్బును వార్సాలో మళ్లీ నిలబెట్టారు.

అపోహకు కారణం ఆ తర్వాతి చరిత్ర. రెండో ప్రపంచ యుద్ధానంతరం క్లబ్బు కమ్యూనిస్టు ప్రభుత్వ సైన్యం అధీనంలోకి వెళ్లింది. నిర్బంధ సైనిక సేవకు పిలిచిన మేటి ఆటగాళ్లను లెగియా తరఫున ఆడించేవారు. ఉదాహరణకు కజిమేజ్ దేయ్నా 1966లో వూచ్ నగరపు క్లబ్బు నుంచి ఇలాగే వచ్చాడు. తమవాళ్లను లాక్కుపోయారన్న కోపం ఇతర క్లబ్బుల అభిమానుల్లో మిగిలిపోయింది. అది న్యాయమైన కోపమే. లెగియా అభిమానులకు మాత్రం దేయ్నా ఆరాధ్యుడు. ఆయన ధరించిన 10వ నంబరు చొక్కాను ఇప్పుడు మరెవరికీ ఇవ్వరు. స్టేడియం బయట ఆయన విగ్రహం ఉంది.