రెండడుగుల లోతు అక్వేరియంకి ఎన్ని వాట్ల ఎల్ఈడీ కావాలి?

హన్మకొండ నుంచి అడిగారు: ట్యాంకు లోతు 24 అంగుళాలు, పైన మొక్కలు బాగున్నా అడుగున వేసినవి పసుపెక్కి కుళ్లిపోతున్నాయి, ఎన్ని వాట్ల లైటు కొనాలి అని.

వాట్లు చూసి కొనకండి. అవి కరెంటు ఖర్చు చెబుతాయి తప్ప, అడుగుకి ఎంత వెలుగు చేరుతుందో చెప్పవు. దానికి చూడాల్సింది పార్ (PAR) విలువ, అంటే మొక్కలు వాడుకోగల వెలుగు కొలత, అదీ మీ లోతు దగ్గర కొలిచింది. అనూబియస్, జావా ఫెర్న్, క్రిప్టోకోరైన్ లాంటి తక్కువ వెలుగు మొక్కలకి అడుగున 20 నుంచి 40 మైక్రోమోల్స్ (పార్‌ని కొలిచే యూనిట్) సరిపోతుంది. మాంటే కార్లో అనే చిన్నాకుల మొక్క అడుగున తివాచీలా పరుచుకోవాలంటే 80 దాకా కావాలి, దాంతోపాటు కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ తప్పదు. నన్నడిగితే రెండడుగుల ట్యాంకులో ఆ తలనొప్పి వద్దు.

లోతుకి అసలు తేడా తెచ్చేది లెన్స్ కోణం. 120 డిగ్రీల లైటు వెలుగుని పక్కలకి చెదరగొడుతుంది. 60 లేదా 90 డిగ్రీలదైతే ఎక్కువ భాగం కిందికే దిగుతుంది. ట్యాంకు వెడల్పైతే అలాంటివి రెండు వరసలు పెట్టుకోండి, లేకపోతే మూలల్లో చీకటి. లైటు రంగు 6500 కెల్విన్, అంటే పగటి వెలుగులాంటి తెలుపు, దగ్గరుంటే చాలు.

డిమ్మర్ ఉన్నదే తీసుకోండి. మొదట సగం వెలుగుతో, రోజుకి ఆరేడు గంటలు; నాచు పట్టకపోతే మెల్లగా పెంచండి. బోరు నీళ్లయితే మూత గాజు మీద తెల్లని ఉప్పు పేరుకుని వెలుగుని బాగా ఆపేస్తుంది. కొత్త లైటు కొనేముందు దాన్ని వెనిగర్‌తో తుడిచి, కడిగి చూడండి.