పద్దెనిమిది నిండకముందే మొదలుపెట్టండి

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. మేధో వైకల్యం ఉంది, సదరం సర్టిఫికెట్‌లో 60 శాతం అని రాశారు. ఓపెన్ స్కూల్లో పదో తరగతి ఈ ఏడాదితో అయిపోతుంది. 'ఇంక ఇంట్లోనే ఉంచుకుందాం, మనం ఉన్నాం కదా' అంటున్నారు మావారు. మా తర్వాత వాడి సంగతేంటని నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఆయన ప్రేమతోనే అంటున్నారు, కానీ దయచేసి ఇంట్లో కూర్చోబెట్టకండి. బడి ఆగిపోయాక చేయడానికి పనీ, మాట్లాడటానికి మనుషులూ లేకపోతే పిల్లలు నేర్చుకున్నది కూడా మర్చిపోతారు, చిరాకు పెరుగుతుంది, అప్పుడు మళ్లీ బయటికి తీసుకురావడం చాలా కష్టం.

ముందు అబ్బాయినే అడగండి, ఏ పని ఇష్టమో. మాటల్లో చెప్పలేకపోతే నాలుగు చోట్లకు తీసుకెళ్లి చూపించండి, ఎక్కడ ఉత్సాహంగా ఉంటాడో మీకే తెలుస్తుంది. తెలిసినవాళ్ల జిరాక్స్ షాపో, మొక్కల నర్సరీయో, టిఫిన్ సెంటరో, రోజుకు రెండు గంటలు చాలు. మొదట్లో మీలో ఒకరు పక్కనుండి, పనిని చిన్న చిన్న ముక్కలుగా చూపించి, మెల్లగా తప్పుకోండి. గడ్డం గీసుకోవడం, చిల్లర లెక్క చూసుకోవడం, ఒక్కడే బస్సెక్కి దిగడం ఇప్పటినుంచే అలవాటు చేయండి, నా దృష్టిలో మార్కుల మెమో కన్నా ఇవే ముఖ్యం. పింఛన్ వస్తోంది కదా అని పని నేర్పడం మానకండి. ఏ పనికి శిక్షణ ఇప్పించాలో తేల్చుకోవడానికి మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలో ఒకసారి చూపించండి.

ఇక చాలామందికి తెలియని సంగతి, 18 నిండితే చట్టం దృష్టిలో తల్లిదండ్రులు దానంతటదే గార్డియన్లు, అంటే బిడ్డ తరఫున నిర్ణయాలు తీసుకునే చట్టబద్ధ సంరక్షకులు, కారు. బ్యాంకులోనో ఆస్తి కాగితాల దగ్గరో ఇది ఒక్కసారిగా ఎదురవుతుంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా స్థాయి కమిటీకి గార్డియన్‌షిప్ కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు దీని కిందికి వస్తాయి. మీ తర్వాత ఎవరు చూసుకోగలరో ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి, ఆ మాటల్లో అబ్బాయినీ కూర్చోబెట్టుకోండి. గార్డియన్ వచ్చారని తన ఇష్టాయిష్టాలు పోవు కదా. ఆ చట్టం కింద ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యఖర్చు వస్తుంది, అందులో చేర్పించారో లేదో చూసుకోండి. సర్టిఫికెట్ తాత్కాలికమైనదైతే గడువు ముగియకముందే రెన్యువల్‌కు పెట్టండి, పైన చెప్పిన వాటిలో చాలావాటికి ముందు అడిగేది దాన్నే.