అమ్మాయి సిప్ ఆపకుండానే టాక్ షో మొదలుపెట్టండి

ప్రశ్న: మాది తెనాలి. నేను ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంట్‌ని. పద్యనాటకాల్లో జీవితం గడిపిన వృద్ధ నటులు, హార్మోనిస్టులతో మా ఇంట్లోనే ముఖాముఖి చేసి యూట్యూబ్‌లో పెట్టాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. కెమెరా, లైట్లు, మైకులకు రూ.1.4 లక్షలవుతుందట. క్రెడిట్ కార్డుపై ఏడాది వాయిదాల్లో కొంటే నెలకు రూ.12,600 కట్టాలి. మా దంపతుల జీతాలు కలిపి రూ.72 వేలు. గృహరుణ వాయిదా రూ.18,500, ఎనిమిదో తరగతిలో ఉన్న అమ్మాయి పైచదువుకు సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే పెట్టుబడి) రూ.8 వేలు, ఇంటి ఖర్చు రూ.36 వేలు. రూ.2 లక్షల డిపాజిట్ ఉంది. ఏడాది పాటు సిప్ ఆపి ఈ పని చేయవచ్చా?

జవాబు: తప్పకుండా మొదలుపెట్టండి. సిప్ మాత్రం ఆపకండి, కార్డు జోలికి వెళ్లకండి. తెనాలిలో ఉన్నవారు ఈ పని తలపెట్టడం నాకెంతో సంతోషంగా ఉంది. పద్యం పాడి వన్స్‌మోర్ కొట్టించుకున్న తరం తరిగిపోతోంది కాబట్టి ఆలస్యం చేయమని నేను చెప్పను.

ఖర్చులన్నీ పోగా మీకు మిగిలేది రూ.9,500. వాయిదాకు అది చాలదు కనుకే సిప్ మీద కన్ను పడింది. ఏడాదికి ఆగేది రూ.96 వేలే కదా అనిపించవచ్చు. ఏటా 10 శాతం రాబడి అనుకుంటే, అమ్మాయి ఇంటర్ పూర్తిచేసే నాటికి ఆ సొమ్ము దాదాపు రూ.1.47 లక్షలయ్యేది. కాలేజీ ఫీజు కట్టాల్సిన సమయంలో ఆ లోటు తెలుస్తుంది. పైగా బిల్లు బాకీ పడితే చాలా కార్డులపై వడ్డీ నెలకు 3 శాతం దాటుతుంది.

ఖరీదైన కెమెరా మీకిప్పుడు అవసరం లేదు. ముఖాముఖికి ప్రాణం మాట. దృశ్యం కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, గొంతు ఫ్యాను హోరులో కలిసిపోతే మాత్రం చూడరు. పెద్ద వయసు నటుడు మెల్లగా మాట్లాడతారు, పద్యం ఎత్తుకోగానే ఆ గొంతే ఇల్లంతా మోగుతుంది. అందుకే చొక్కాకు తగిలించే మైకు కొనండి, రికార్డింగ్‌కు ముందు ఒక పద్యం పాడించి శబ్దం స్థాయి సరిచూసుకోండి. మీ ఫోనుకు తోడు రెండు కాలర్ మైకులు, స్టాండు, ఒక లైటు, హార్డ్‌డిస్కు రెండు నెలల మిగులుతో, అంటే రూ.19 వేలలో సమకూరుతాయి. ఆలోగా కళాకారుల ఇళ్లకు వెళ్లి మాట్లాడి రండి. అందరికన్నా పెద్దవారిని ముందు పిలవండి.

మూడో నెల నుంచి నెలకు రూ.5 వేలతో రెండు ఎపిసోడ్లు చేయండి. అందులో ఎక్కువ భాగం అతిథులకే వెళ్లాలి: రానుపోను ఛార్జీలు, భోజనం, శాలువా, చేతిలో పెట్టే సంభావన. డబ్బు సరిపోని నెల ఒక్క ఎపిసోడే చేయండి కానీ సంభావన తగ్గించకండి. కళనే నమ్ముకుని బతికినవారిని ఉత్త చేతులతో పంపడం మనకు మర్యాద కాదు. మిగిలే రూ.4,500 డిపాజిట్‌కు చేర్చండి. ఇంటి ఖర్చు, గృహరుణ వాయిదా కలిపి ఆరు నెలలకు రూ.3.27 లక్షలు అత్యవసర నిధిగా ఉండాలి.

ఆదాయాన్ని ఇప్పుడే లెక్కలో వేసుకోవద్దు. ప్రకటనల్లో వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4 వేల గంటల వీక్షణ ఉండాలి. ఒక్కొక్కరు సగటున 8 నిమిషాలు చూస్తే వీడియోలన్నింటికీ కలిపి 30 వేల వీక్షణలు కావాలి. 24 ఎపిసోడ్లకు పంచితే ఒక్కోదానికి 1,250. అసాధ్యం కాదు, అలాగని మొదటి ఏడాదే వస్తుందని నమ్ముకోలేం. ఆ తర్వాత కూడా ఖాతాలో 100 డాలర్లు పోగయితేనే చెల్లిస్తారు.

నేపథ్యంలో సినిమా పాట వేస్తే ఆ వీడియో ఆదాయం హక్కుదారులకు పోవచ్చు. అతిథి స్వయంగా పాడే జంటకవులు తిరుపతి వేంకట కవుల పద్యాలకు ఆ చిక్కు లేదు. ఇద్దరిలో చివరివారు 1950లో కన్నుమూశారు, మన చట్టం ప్రకారం 60 ఏళ్ల కాపీరైటు గడువు తీరిపోయింది. వీడియో వాడుకోవడానికి అతిథి సంతకంతో అనుమతి పత్రం మాత్రం తీసుకోండి.

అమెరికాలోని తెలుగువారు చూస్తే వచ్చే ఆదాయంపై అక్కడ పన్ను పడుతుంది. యూట్యూబ్ అడిగే పన్ను పత్రంలో పాన్ వివరాలు ఇస్తే భారత్‌తో ఉన్న ఒప్పందం మేరకు అది 15 శాతమే. ఇవ్వకపోతే మొత్తం ఆదాయంపై 24 శాతం దాకా కోత పడవచ్చు. మీరు అకౌంటెంట్ కాబట్టి, మైకు కొన్న రోజు నుంచే బిల్లులు విడిగా దాచండి. సొమ్ము రావడం మొదలయ్యాక రిటర్నులో ఖర్చులు చూపడానికి అవి కావాలి.