పెట్టె మూత తీసి చూడు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నీ మెయిల్ రెండుసార్లు చదివాను. 12 ఏళ్ళు సైన్యం సరఫరా విభాగంలో చేశావు, ఇప్పుడు బయటికొచ్చి మేనేజ్‌మెంట్ ఉద్యోగం చూసుకుంటున్నావు, ముందుముందు పాఠాలు చెప్పాలని కూడా ఉందన్నావు. "మామయ్యా, నువ్వు మూడూ చేశావు కదా, ఎలా మారగలిగావు?" అని అడిగావు. ప్లాన్ వేసుకుని మారానని చెప్తే అబద్ధం అవుతుంది. 22 ఏళ్ళు సైన్యంలో, 11 ఏళ్ళు కంపెనీల్లో, 9 ఏళ్ళు క్లాసుల్లో గడిచిపోయాయి. ప్రతిసారీ ఎవరో రమ్మన్నారు, వెళ్ళాను. వెళ్ళిన ప్రతిచోటా మొదటి ఏడాది బోల్తా పడ్డాను. ఎందుకు పడ్డానో చెప్తాను. అందులో నీకు పనికొచ్చేది నువ్వే ఏరుకో.

ముందు సిగ్గుపడ్డ సంగతి. అప్పటికి నా సర్వీసు ఆరేళ్ళు. ముందు వరసలో ఉన్న స్థావరంలో ట్రక్కులు ఆగిపోయాయి, ఇంధన ఫిల్టర్లు కావాలని మెసేజ్ వచ్చింది. డిపోలో బిన్ కార్డు, అంటే అరలో ఎన్ని ఉన్నాయో రాసే కార్డు, చూస్తే 24 ఉన్నాయి. వోచర్ రాయించాను. పెట్టె మీద లేబుల్ చూశాను, పార్ట్ నంబరు సరిపోయింది, సంతకం పెట్టాను. రిజిస్టర్‌లో "పంపడమైనది" అని ఎక్కించి ఆ రాత్రి హాయిగా పడుకున్నాను. నాలుగో రోజు అక్కణ్ణుంచి కబురొచ్చింది. పెట్టెలో ఫిల్టర్లు లేవు, ఇంజన్ అతుకులో వేసే సిలిండర్ హెడ్ గాస్కెట్లున్నాయి. ఎవరో ఎప్పుడో ఖాళీ పెట్టెను మళ్ళీ వాడుకున్నారు, పాత లేబుల్ పీకడం మర్చిపోయారు. 9 ట్రక్కులు 11 రోజులు కదల్లేదు.

విచారణలో నన్ను ఎవరూ పెద్దగా ఏమనలేదు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి మరి! నన్ను లోపల్లోపల కాల్చింది అదే. మా స్టోర్‌కీపర్ నాకంటే 15 ఏళ్ళు పెద్దాయన. ఒక సాయంత్రం గోడౌన్‌లోకి పిలిచి రెండు పెట్టెలు నా చేతుల్లో పెట్టాడు. ఒకదాంట్లో ఫిల్టర్లు, ఇంకోదాంట్లో గాస్కెట్లు. "ఓసారి ఊపి చూడండి సార్" అన్నాడు. ఫిల్టర్ల పెట్టె మెత్తగా, డబ్బాలు ఒకదానికొకటి ఒరుసుకుంటున్నట్టు డుబ్బుడుబ్బుమంది. గాస్కెట్ల పెట్టెలో పల్చటి రేకులు జారుతున్న చప్పుడు. కళ్ళు మూసుకున్నా తేడా తెలిసిపోతుంది. ఆయన ఇంకేమీ అనలేదు, పెట్టెలు తీసుకుని అరలో పెట్టేసుకున్నాడు. ఆ రోజునుంచి మూత తీయకుండా ఏ పెట్టె మీదా సంతకం పెట్టలేదు. "పంపాం" అన్న మాటకి విలువ ఇవ్వడం కూడా మానేశాను. అవతలివాడి చేతికి అందిందా, అందింది వాడు అడిగిందేనా, అంతే.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం కాదని తర్వాత చదివి కాస్త ఊపిరి పీల్చుకున్నాను. 1990-91 గల్ఫ్ యుద్ధానికి అమెరికా సైన్యం దాదాపు 40,000 కంటెయినర్లు పంపితే, లోపల ఏముందో తెలియక వాటిలో సగానికి పైగా రేవులో తెరిచి చూడాల్సి వచ్చింది. తర్వాత వాళ్ళు కంటెయినర్లకు, లోపలేముందో దూరంనుంచే చెప్పే రేడియో ట్యాగులు తగిలించడం మొదలుపెట్టింది ఈ దెబ్బ తిన్నాకే. అయితే నేను క్లాసులో ఎక్కువసేపు చెప్పేది ఇంకో సంగతి. అడిగిన సామాను వస్తుందన్న నమ్మకం లేక, అక్కడి యూనిట్లు ఒకే వస్తువుకి రెండుసార్లు, మూడుసార్లు ఇండెంటు పెట్టాయి. దాంతో రేవులో రద్దీ ఇంకా పెరిగింది, అసలు కావాల్సింది ఇంకా వెనక్కి పోయింది.

ఇది గుర్తుంచుకుంటే కంపెనీలో నీకు మొదటి నెలలోనే పనికొస్తుంది. ఏ ఫ్యాక్టరీకి వెళ్ళినా మెకానిక్కుల బీరువాల్లో, సూపర్‌వైజర్ల టేబుల్ కింద బేరింగులు, బెల్టులు, ఫ్యూజులు దాచి ఉంటాయి. మన సైన్యం బుర్ర వెంటనే "దొంగతనం" అంటుంది. నేనూ అలాగే అరిచాను, ఒక మంచి ఫోర్‌మన్‌ని దూరం చేసుకున్నాను. వాళ్ళు దొంగలు కారు. అడిగినప్పుడు స్టోర్స్ ఇవ్వదని వాళ్ళకి అనుభవం. దాచిన సరుకు లాక్కోవడం తర్వాత సంగతి, ముందు అడిగింది అడిగిన రోజు ఇవ్వు. రెండు నెలలకి బీరువాలు వాటంతటవే ఖాళీ అవుతాయి.

ఇప్పుడు నీ రెజ్యూమే. కోప్పడకు, అది రెజ్యూమేలా లేదు, యూనిట్ చరిత్రలా ఉంది. సైన్యం వాళ్ళకే తెలిసే పొడి అక్షరాలతో నిండిపోయింది. నాకు అర్థమైంది కాబట్టి అందరికీ అర్థమవుతుందనుకోకు. నిన్ను ఇంటర్వ్యూ చేసే ఆవిడ సైన్యం గేటు కూడా చూసి ఉండదు. హోదా బదులు పని రాయి: ఎన్ని రకాల వస్తువులు, ఎంతమంది మనుషులు, ఎన్ని వాహనాలు, అడిగినవాటిలో మొదటిసారే ఎన్ని ఇవ్వగలిగావు, సరుకు రావడానికి ఎన్ని రోజులు పట్టేది, నువ్వు వచ్చాక ఎన్ని రోజులైంది. ఫిల్ రేటు (అడిగినవాటిలో మొదటిసారే ఇచ్చినవి), లీడ్ టైమ్ (సరుకు రావడానికి పట్టే రోజులు) అన్న మాటలు రెండు పక్షాలకీ తెలుసు, అవి వాడు. పతకాలు ఒక్క వరుసలో సరిపెట్టు. సర్టిఫికెట్ల గురించి అడిగావు. ఒకటి చాలు, మూడు దండగ.

బయట అన్నిటికంటే కష్టంగా మారేది నిల్వ గురించిన మన ఆలోచన. సైన్యంలో సరుకు తక్కువైతే ప్రాణం పోతుంది కాబట్టి, ఎక్కువ ఉంచినందుకు ఎవరూ తిట్టరు. కంపెనీలో అరలో కూర్చున్న ప్రతి పెట్టె డబ్బే, అది కదలకుండా ఉంటే వడ్డీ పెరుగుతుంటుంది. నేను మొదటి కంపెనీలో "ఎందుకైనా మంచిది" అంటూ ఆరు నెలల నిల్వ పెట్టించాను. ఫైనాన్స్ హెడ్ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. అలాగని వాళ్ళు చెప్పినట్టల్లా తగ్గించేయకు. ఎంత ఉంచాలన్నది వాడకం ఎంత మారుతుందో చూసి మాత్రమే తేల్చకూడదు, తెప్పించుకునే టైమ్ ఎంత మారుతుందో కూడా చూడాలి. సప్లయర్ "సగటున పది రోజులు" అంటాడు. పాత బిల్లులు తీసి చూస్తే ఒకసారి 4 రోజులు, ఇంకోసారి 16 అని ఉంటుంది. సగటు పదే! కానీ నీ గోడౌన్ ఖాళీ అయ్యేది ఆ 16 వచ్చిన నెలలో. పది రోజులంటే పది రోజులకే తెచ్చేవాడు దొరికితే, కాస్త ధర ఎక్కువైనా నేను వాడి దగ్గరే కొనేవాణ్ణి. దీనిమీద నాతో వాదించినవాళ్ళు చాలామంది, నేను ఇప్పటికీ మారలేదు.

ఇక మనుషులు. మన దగ్గర "అర్థమైందా?" అంటే "అయింది సార్" అంటారు, అయ్యేదాకా చేస్తారు. కంపెనీలో నా మొదటి మీటింగులో నేను 20 నిమిషాలు దంచాను. అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు. మూడు వారాల తర్వాత ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. అడిగితే నీళ్ళు నమిలారు. వాళ్ళు బద్ధకస్తులని తీర్మానించేశాను. తర్వాత ఒక చిన్న అమ్మాయి, జూనియర్ ప్లానర్, ధైర్యం చేసి చెప్పింది: "సార్, మీరు చెప్పినదాంట్లో ఏది ముందు చేయాలో మాకెవరికీ తెలియలేదు." మళ్ళీ మూత తీయని పెట్టెకి సంతకం పెట్టానన్నమాట. సైన్యంలో ఆపరేషన్‌కి ముందు కిందివాడు ఆదేశాన్ని తన మాటల్లో తిరిగి చెప్తాడు చూడు, ఆ అలవాటు ఇంటి దగ్గర వదిలి వెళ్ళాను నేను. నువ్వు వదలకు. కాకపోతే "తిరిగి చెప్పు" అని గద్దించకు, పరీక్ష పెట్టినట్టు ఉంటుంది. "రేపు పొద్దున నువ్వు దేంతో మొదలుపెడతావు?" అని అడుగు. జవాబులో అంతా బయటపడుతుంది.

గల్ఫ్ యుద్ధంలో అమెరికా సరఫరా మొత్తం చూసిన జనరల్ గస్ పగోనిస్ 1993లో రిటైరై, సియర్స్ అనే పెద్ద రిటైల్ కంపెనీకి లాజిస్టిక్స్ పెద్దగా వెళ్ళాడు. ఆయన రెండు అలవాట్లు నేను అరువు తెచ్చుకున్నాను. పొద్దుటి మీటింగు నిలబడే జరపడం ఒకటి. నా మోకాళ్ళు బాగున్నన్నాళ్ళూ అదే చేశాను, నిలబడ్డవాడు ఉపన్యాసం ఇవ్వడు. రెండోది, కిందినుంచి పైకి ఏ విషయమైనా అరచేతిలో పట్టేంత చిన్న కార్డు మీద రాసి పంపించుకోవడం. మా దగ్గర మొదటి వారం మూడే కార్డులొచ్చాయి, అందులో ఒకటి టాయిలెట్ గురించి. అది అదే రోజు బాగు చేయించాను. రెండో వారం 30 వచ్చాయి.

ఇంకో ఉదాహరణ, 1948-49లో సోవియట్లు నేల దారులు మూసేస్తే పశ్చిమ బెర్లిన్‌కి అమెరికా, బ్రిటన్ విమానాల్లో సరుకు మోసిన సంగతి. 1948 ఆగస్టు 13న వాన, మబ్బులు. విమానాలు బెర్లిన్ మీద గిరగిరా తిరుగుతూ ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి, కింద ప్రమాదాలు జరిగాయి. ఆ పని చూస్తున్న జనరల్ టన్నర్ ఆ తర్వాత ఒక నియమం పెట్టాడు: మొదటి ప్రయత్నంలో దిగలేకపోతే మళ్ళీ ప్రయత్నించొద్దు, సరుకుతో సహా వెనక్కి వెళ్ళిపో. వినడానికి దండగలా ఉంటుంది. కానీ ఒక్క విమానం కోసం వెనకున్నవన్నీ ఆగడం మానేశాయి. దిగిన సిబ్బంది విమానం దిగి టెర్మినల్‌కి వెళ్ళకుండా, వాతావరణ వివరాలూ తిండీ వాళ్ళ దగ్గరికే పంపే ఏర్పాటు కూడా చేశాడు. నీ గోడౌన్‌లో లారీ డ్రైవర్లు కాగితాల కోసం ఎన్ని గదులు తిరుగుతున్నారో ఒక్కరోజు వాళ్ళ వెనకే నడిచి చూడు. నేను నడిచాను. ఐదు గదులు, రెండు మెట్ల వరసలు, భోజనానికి వెళ్ళిపోయిన ఒక గుమస్తా.

పాఠాలు చెప్పడం గురించి తొందరపడకు, కానీ వస్తే వదులుకోకు. నేను మొదటి క్లాసుకి 60 స్లైడ్లు పట్టుకెళ్ళాను. చివర్లో "అర్థమైందా?" అన్నాను. ఇంత అనుభవం తర్వాత కూడా అదే ప్రశ్న, చూశావా! అందరూ అయిందన్నారు. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు తెలిసింది.

మరుసటి టర్ములో స్లైడ్లు పక్కన పెట్టి 30 అట్టపెట్టెలు తెచ్చాను. నేల మీద సుద్దతో లారీ కొలత గీశాను. మూడు స్టాపులు, ఏ పెట్టె ఎక్కడ దిగాలో దానిమీదే రాసి ఉంది. "ఎక్కించండి" అన్నాను. పిల్లలు పెద్దవి అడుగున, చిన్నవి సందుల్లో, ఖాళీ లేకుండా చక్కగా పేర్చి గర్వంగా నిలబడ్డారు. "సరే, మొదటి స్టాపు వచ్చింది" అన్నాను. 4 పెట్టెలు తీయడానికి 19 పెట్టెలు కిందికి దించాల్సి వచ్చింది. ఒక అబ్బాయి అట్టపెట్టె మీద కూలబడి నవ్వుతూ "మూడో స్టాపు సరుకు ముందు ఎక్కాలి సార్" అన్నాడు. అప్పుడు చెప్పాను, మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీ తీరంలోని గాలిపోలి మీద జరిగిన దాడి గురించి. 1915లో బ్రిటిష్ దళాల ఓడల్ని జాగా చూసి నింపారు కానీ ఒడ్డున ఏది ముందు కావాలో చూసి నింపలేదు. ఫిరంగులొకచోట, గుండ్లొకచోట. అన్నీ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాకి తీసుకెళ్ళి దించి మళ్ళీ ఎక్కించాల్సి వచ్చింది. మార్చి 18న నౌకాదాడి విఫలమైతే, సైన్యం ఒడ్డున దిగింది ఏప్రిల్ 25న. ఈలోగా అవతల ఒట్టోమన్ సైన్యం, జర్మన్ జనరల్ లిమాన్ ఫాన్ శాండర్స్ నాయకత్వంలో, కందకాలు తవ్వుకుని కూర్చుంది. ముందు చెప్పి ఉంటే ఇది వాళ్ళకి ఒక కథ. 19 పెట్టెలు దించాక చెప్పాను కాబట్టి నడుం నొప్పితో సహా గుర్తుండిపోయింది.

ఒక జాగ్రత్త. సైన్యం కబుర్లు చెప్తే పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటారు, నీకూ హుషారు వస్తుంది. గంట గడిచిపోతుంది, పాఠం మాత్రం జరగదు. నేను పెట్టుకున్న నియమం ఏంటంటే, తప్పు నాదైన కథలే చెప్పాలి. ఫిల్టర్ల కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. తప్పు చేసిన పిల్లలు ఆ తర్వాతే నా గదికొచ్చి తమ తప్పులు చెప్పుకోవడం మొదలుపెట్టారు.

జీతం తగ్గినా ఆ చిన్న కంపెనీలో చేరాలా, పేరున్న పెద్దదాంట్లోనా అన్నావు. చిన్నదాంట్లో నిన్ను గోడౌన్‌లోకి వెళ్ళనిస్తారా అని అడిగి తెలుసుకో. వెళ్ళనిస్తే అక్కడే చేరు. పెద్దదాంట్లో నీకు కనిపించేది స్క్రీన్ మీద అంకెలే, కనీసం మొదటి మూడేళ్ళు.

రెజ్యూమే సరిచేసి ఆదివారం లోపల పంపు. ఈసారి మొదటి పేజీలో పొడి అక్షరాలు ఒక్కటి కనిపించినా తిప్పి పంపేస్తాను. ఇంకో పని కూడా చెయ్యి. పంపేముందు అది అక్కకి ఇచ్చి చదివించు, చదివాక నువ్వేం పని చేశావో ఆవిణ్ణి చెప్పమను.

ఇట్లు,
నీ మామయ్య